ఒకే శరీరం మీద మూడు కాలాల గాయాలు: ఒక వృద్ధురాలి పోస్టుమార్టం కేసు

పోలీసుల రెక్విజిషన్‌లో చివరి ప్రశ్న ఇది: "మృతురాలి శరీరంపై ఉన్న గాయాలన్నీ నిన్న రాత్రి పడినప్పుడు తగిలినవేనా, అంతకు ముందువి కూడా ఉన్నాయా తెలుపగలరు." ఇంత సరిగ్గా అడిగిన ప్రశ్న మాకు అరుదుగా వస్తుంది. మామూలుగా "ఈ గాయం ఎన్ని రోజుల కిందటిది?" అని అడుగుతారు. దానికి రోజు లెక్కన జవాబు చెప్పే శక్తి మా ఫోరెన్సిక్ వైద్య శాస్త్రానికి చాలాసార్లు ఉండదు. ఈ గాయమూ ఆ గాయమూ ఒకే సమయంలో తగిలినవి కావు అని మాత్రం చాలాసార్లు గట్టిగా చెప్పగలం. ఈ కేసు మొత్తం ఆ తేడా మీదే నడిచింది. పీజీ విద్యార్థులకూ, క్యాజువాలిటీలో మెడికో లీగల్ కేసుల పత్రాలు, అంటే ఎంఎల్‌సీలు రాసే డాక్టర్లకూ, ఇలాంటి కేసులు చూసే పోలీసులకూ లాయర్లకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

కేసు సంగతి

అంబర్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్. 78 ఏళ్ల పెద్దావిడ కొడుకూ కోడలి దగ్గర ఉండేది. ఇద్దరూ ఉద్యోగస్తులు కావడంతో రాత్రిళ్లు చూసుకోవడానికి ఒక కేర్‌టేకర్‌ను పెట్టారు. ఆవిడకు గుండె లయ తప్పే జబ్బు, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఉంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతోంది. కొంతకాలంగా మతిమరుపు బాగా ముదిరి, రాత్రిపూట లేచి ఇల్లంతా తిరగడం మొదలైంది.

రాత్రి 11 గంటల ప్రాంతంలో మంచం దిగబోయి పడిందనీ, నుదురు చిట్లితే గుడ్డ కట్టి పడుకోబెట్టామనీ, అప్పుడు బాగానే మాట్లాడి మంచినీళ్లు కూడా తాగిందనీ కొడుకు చెప్పాడు. తెల్లవారి 6 గంటలకు చూస్తే ఉలుకూ పలుకూ లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే అప్పటికే ప్రాణం పోయిందన్నారు.

వరంగల్ నుంచి వచ్చిన కూతురు తల్లి ముఖం చూసి ఆగలేకపోయింది. ఎడమ కన్ను నల్లగా ఉబ్బి ఉంది, చేతుల నిండా మచ్చలు. "పడితే కంట్ల గుద్దినట్టు ఎట్లయితది మేడం? చేతులు చూడున్రి. మా అమ్మను కొట్టిన్రు," అంది నాతో. ఆమె ఫిర్యాదు మీద క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 194 సెక్షన్ కింద అనుమానాస్పద మృతిగా కేసు కట్టారు. శవం మా దగ్గరికి సాయంత్రం వచ్చింది. పైపరీక్ష ఆ సాయంత్రమే చేశాను. కోత మర్నాడు ఉదయానికి పెట్టాను.

పంచనామా కాపీ చేతికి వచ్చినా అందులో తేదీలున్న పేరాలు ముందు చదవలేదు. ఇది నా పద్ధతి. చావు ఏ పరిస్థితుల్లో జరిగిందో తెలియకుండా పోస్టుమార్టం మొదలుపెట్టకూడదు, నిజమే. కానీ ప్రతి గాయం రంగు, వాపు, పక్కు ఎలా ఉన్నాయో కాగితం మీద పెట్టేవరకు, ఎవరు ఏ రోజు పడ్డారని చెప్పారో తెలియకపోవడమే మేలు. "నాలుగు రోజుల కింద పడింది" అన్న మాట చెవిన పడిందంటే కంటికి నాలుగు రోజుల గాయమే కనిపిస్తుంది. చూసింది ముందు రాయాలి. కథ తర్వాత చదవాలి. రెండూ కుదురుతాయో లేదో ఆ తర్వాత తేల్చాలి.

పైపరీక్షలో కనిపించినవి

సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద కుడి భుజం లోపలి వైపు మూడు గుండ్రటి మచ్చలు, బయటి వైపు ఒకటి కనిపించాయి. ముదురు గోధుమ రంగు అని మాత్రం రాసుకున్నాను. ఉదయం టేబుల్‌ను కిటికీ వైపు జరిపించి పగటి వెలుతురులో చూస్తే వాటి అంచుల్లో పసుపు, ఆకుపచ్చ కలిసిన చాయ తేటగా కనిపించింది. ఎడమ భుజం మీద రాత్రి కనపడని రెండు లేత మచ్చలు కూడా బయటపడ్డాయి. ఇందులో వింతేమీ లేదు. చనిపోయాక ఒకరోజు గడిస్తే లోతున ఉన్న కమిలిన గాయాలు పైకి తేలి కనపడడం తెలిసిన విషయమే. అందుకే దౌర్జన్యం అనుమానం ఉన్న కేసుల్లో రెండోసారి చూడడం తప్పనిసరి అని నా నమ్మకం. బంధువుల టెన్షన్ అర్థమవుతుంది, దహనానికి ముహూర్తం దాటిపోతోందని ఒత్తిడి చేస్తారు. అయినా ఆ ఒక్క రాత్రి ఆగడం వల్ల దొరికేది ఇంకెప్పటికీ దొరకదు. మన చామనఛాయ ఒంటి మీద పసుపు చాయ పట్టుకోవడం అసలే కష్టం. స్కేలు, కలర్ కార్డు పక్కన పెట్టి పగటి వెలుతురులో తీసిన ఫొటో లేకపోతే, తర్వాత ఎవరికీ చూపించడానికి ఏమీ మిగలదు.

ఎడమ నుదుటి మీద, కనుబొమకు పైన, 3 సెంటీమీటర్ల చిట్లిన గాయం ఉంది. లోతు ఎముక దాకా. అంచులు వాచి ఉన్నాయి, రక్తం ఎండి అంటుకుంది. దాని కిందుగా ఎడమ కంటి రెప్పలు రెండూ నీలంగా ఉబ్బాయి. కూతురి అనుమానమంతా ఇక్కడే కాబట్టి దీన్ని నిదానంగా చూశాను. రెప్పల మీద గానీ కనుగుంట అంచు మీద గానీ చర్మం దోక్కుపోలేదు. నుదుటి చర్మాన్ని వెనక్కి మడిచి చూస్తే, చిట్లిన గాయం దగ్గర మొదలైన రక్తం కింది వదులు పొరలోంచి జారి, ఎక్కడా తెగకుండా పైరెప్ప వరకు వచ్చింది. రెప్పలో విడిగా దెబ్బ జాడ లేదు, కనుగుంట పైకప్పు ఎముక విరగలేదు. అంటే కంటిమీద ఎవరూ గుద్దలేదు. నుదుటి రక్తం కిందికి దిగింది. వార్ఫరిన్ వాడేవాళ్లలో రక్తం త్వరగా ఆగదు కాబట్టి ఇలా దిగడానికి గంటలు చాలు. తుంటి దగ్గర తగిలిన దెబ్బ కొన్ని రోజులకు మోకాలి దగ్గర కమిలి కనిపించడం కూడా ఇలాంటిదే. మచ్చ కనిపించిన చోటే దెబ్బ తగిలిందనీ, కనిపించిన రోజే తగిలిందనీ అనుకుంటే అమాయకుల మీద కేసు పడుతుంది.

రెండు ముంజేతుల వెనక వైపు ఊదారంగు మచ్చలు చాలా ఉన్నాయి. చూడ్డానికి భయంకరంగా ఉంటాయి గానీ ఇవి ముసలితనంలో చర్మం పలచబడి వచ్చే సినైల్ పర్‌ప్యూరా. చిన్న రాపిడికే వస్తాయి, వారాల తరబడి రంగు మారకుండా ఉండి, పోతూ పోతూ గోధుమరంగు మచ్చ మిగులుస్తాయి. గాయాల వయసు లెక్కలోంచి వీటిని పూర్తిగా పక్కన పెట్టాను.

ఇక మణికట్టు. ఈ కేసుకు అసలు కీలకం ఇదే. ఎడమ మణికట్టు చుట్టూ సుమారు రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున ఒక పట్టీ లాగా చర్మం మారి ఉంది. చిటికెన వేలి వైపు ఎముక ఎత్తుగా ఉండే చోట ముదురు గోధుమ రంగు పక్కు కట్టింది. దాని అంచులు చర్మం నుంచి లేచి ఉన్నాయి. ఫోర్సెప్స్ కొనతో కొద్దిగా ఎత్తితే కింద గులాబీ రంగు కొత్త చర్మం కనిపించింది. ఒక వేలి మందం పక్కకు జరిగితే అక్కడ పక్కు ఎప్పుడో రాలిపోయి, నునుపుగా మెరుస్తున్న లేత చర్మం ఉంది. ఆ రెండింటి మధ్యా, అరచేతి వైపునా చర్మం మందంగా, గరుకుగా, నల్లబడి ఉంది. కుడి మణికట్టు మీద కూడా ఇదే పట్టీ, కాకపోతే లేతగా.

ఒకే పట్టీలో మూడు వయసులు. దోక్కుపోయిన చోట మొదట ఎర్రగా తడిగా ఉంటుంది, ఒక రోజులోపు ఎర్రటి పక్కు కడుతుంది, రెండు మూడు రోజులకు అది ఎరుపు కలిసిన గోధుమ రంగుకు, నాలుగైదు రోజులకు ముదురు గోధుమకు మారుతుంది. వారం దాటాక ఎండి, ముడుచుకుని, అంచుల నుంచి లేచి రాలిపోతుంది. కమిలిన గాయం రంగుల కంటే ఈ వరుస నాకు ఎక్కువ నమ్మకం. పెద్దవాళ్లలో మానడం ఆలస్యమవుతుంది కాబట్టి కొంత సడలింపు ఇవ్వాలి. అంత సడలించినా ఈ మూడు దశలూ ఒకే రాత్రి రావు. ఒకే చోట మళ్లీ మళ్లీ ఏదో ఒరుసుకుంది.

రంగుల పట్టిక గురించి

కమిలిన గాయం మొదట ఎరుపు, తర్వాత నీలం, నాలుగో రోజుకు గోధుమ, ఐదారు రోజులకు ఆకుపచ్చ, ఏడు నుంచి పన్నెండు రోజులకు పసుపు, రెండు వారాలకు మామూలు రంగు. ఎంబీబీఎస్ చదివిన ప్రతి ఒక్కరూ ఈ పట్టికను బట్టీ పట్టినవాళ్లే. దీని వెనక ఉన్న రసాయన శాస్త్రం నిజం. ఎర్రకణాలు చితికి, హిమోగ్లోబిన్ విడిపోయి, అందులోంచి ఆకుపచ్చ బైలివర్డిన్, పసుపు బైలిరుబిన్ వస్తాయి. ఇనుము హీమోసిడెరిన్‌గా మిగులుతుంది. రసాయనాల వరుస అదే. ఆ వరుసకు పక్కన రాసిన రోజుల లెక్కే నిలవదు.

1991లో లాంగ్‌లోయిస్, గ్రెషమ్ ఫొటోలు పెట్టుకుని ఈ రంగులను పరిశీలించారు. గట్టిగా చెప్పదగ్గది వాళ్లకు ఒక్కటే దొరికింది. పసుపు చాయ కనిపిస్తే ఆ గాయానికి 18 గంటలు దాటాయి. పసుపు లేదంటే 18 గంటల్లోపుదే అని మాత్రం కాదు, కొన్ని గాయాల్లో పసుపు ఎప్పటికీ కనపడదు. ఎరుపు, నీలం, ఊదా మొదటి రోజు నుంచి చివరిదాకా ఎప్పుడైనా ఉండొచ్చు. 2005లో కార్డిఫ్‌కు చెందిన మగ్వైర్ బృందం పిల్లల గాయాల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి, రంగు చూసి వయసు చెప్పడం కుదరదని తేల్చింది. పైగా ఒకే గాయాన్ని ఇద్దరు చూస్తే పసుపు ఉందనేవాళ్లొకరు, లేదనేవాళ్లొకరు. కంటి తెల్లగుడ్డులో రక్తం చేరితే నీలం, ఆకుపచ్చ దశలే రావు. గాలిలోని ఆక్సిజన్ అందడం వల్ల అది ఎర్రగానే ఉండి నేరుగా పసుపులోకి మారి పోతుంది.

అందుకని భుజం మచ్చల గురించి నేను రాసింది ఇంతే: పసుపు చాయ ఉంది, కనుక నిన్న రాత్రి 11 గంటలకు తగిలినవి కావు. ఈ మాట చెప్పడానికి 18 గంటల గీత ఒక్కటే చాలు. రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు ఎలా చూసినా 7 గంటలే. ప్రాణం పోయాక శరీరం గాయానికి స్పందించడం ఆగిపోతుంది. కాబట్టి గాయం వయసు అంటే దెబ్బ తగిలిన క్షణానికీ చావుకీ మధ్య కాలమే గానీ, దెబ్బకూ నేను చూసిన సమయానికీ మధ్య కాలం కాదు. శవం మార్చురీలో ఉన్న గంటలు కూడా ఇందులో కలిపేసిన రిపోర్టులు చూశాను, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

తల లోపల, ఛాతీ లోపల

పుర్రె విరగలేదు. కుడి వైపు డ్యూరా, అంటే మెదడును కప్పే గట్టి పొర, కింద రక్తం చేరి మెదడును నొక్కేసింది. మొత్తం 110 మిల్లీలీటర్లు. మెదడు మడతలు అణిగిపోయి, మధ్యగీత ఎడమకు జరిగింది. మరణానికి కారణం ఇదే. అయితే ఆ రక్తం అంతా ఒకే వయసుది కాదు. ఇంజిన్ ఆయిల్ లాంటి చిక్కటి గోధుమ రంగు ద్రవం, దాని మధ్యలో తాజా ఎర్రటి గడ్డ. డ్యూరాను వెనక్కి మడిస్తే దాని లోపలి వైపుకు బంగారు గోధుమ రంగు పొర ఒకటి అతుక్కుని ఉంది. ఫోర్సెప్స్‌తో పట్టి లాగితే తడిగా, చిన్న పీలికలుగా కాకుండా పలకలా ఊడి వచ్చింది. మెదడు వైపు కూడా పలచటి, దాదాపు పారదర్శకమైన పొర ఏర్పడింది.

ఈ పొరలే ఇక్కడ గడియారం. డ్యూరా కింద చేరిన రక్తాన్ని శరీరం డ్యూరా వైపు నుంచి కప్పడం మొదలుపెడుతుంది. నాలుగైదు రోజులకు అక్కడ ఫైబ్రోబ్లాస్టు కణాలు వరుస కడతాయి. వారం దాటేసరికి పొర కంటికి కనిపిస్తుంది. మెదడు వైపు పొర మొదలవడానికి రెండు వారాలు పడుతుంది. మన్రో, మెరిట్ 1936లో వేసిన ఈ లెక్క మీదే ఇప్పటికీ ఆధారపడుతున్నాం. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, కానీ రెండు పొరలూ ఉన్న రక్తం ఒక్క రాత్రిలో చేరింది కాదన్నది నిస్సందేహం.

ఛాతీ కుడి పక్కన 6, 7, 8 పక్కటెముకల మీద చేయి పెడితే గుబ్బలు తగిలాయి. విరిగి అతుక్కుంటున్న ఎముకలు. రెండు వైపులా కొంత మంచి ఎముకతో కలిపి కోసి పరీక్షకు పంపాను.

మైక్రోస్కోప్ కింద

ప్రతి గాయం నుంచి పక్కనున్న మంచి చర్మంతో కలిపి ముక్క తీసి, ఒక్కోదాన్ని వేరు వేరు సీసాలో, 10 శాతం ఫార్మలిన్‌లో వేశాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. అన్ని ముక్కలూ ఒకే సీసాలో వేసి "స్కిన్" అని చీటీ అంటిస్తే ఆ పరీక్షకు విలువే లేదు.

నుదుటి గాయంలో న్యూట్రోఫిల్స్ (గాయం దగ్గరికి మొదట చేరే తెల్లకణాలు) రక్తనాళాల్లోంచి బయటికి వచ్చి కణజాలంలో పరుచుకున్నాయి. మాక్రోఫేజ్‌లు (వాటి తర్వాత వచ్చి శిథిలాలను మింగే కణాలు) ఇంకా రాలేదు, ఇనుము లేదు, అంచుల్లో చర్మకణాలు కదలడం మొదలుపెట్టలేదు. దెబ్బ తగిలిన తర్వాత ఆవిడ కొన్ని గంటలు బతికే ఉంది. పడగానే చనిపోయి ఉంటే ఇంత స్పందన ఉండదు, ఒకటి రెండు రోజులు గడిచి ఉంటే ఇంతటితో ఆగదు. కొడుకు చెప్పిన 11 గంటల మాటకు ఇది సరిపోయింది. ఈ గంటల లెక్కను ఇంకా బిగించడానికి ఎంజైమ్ పరీక్షలు, ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రొటీన్ల స్టెయిన్లు పరిశోధనల్లో ఉన్నాయి. మా దగ్గర రోజువారీ పనిలో కణాలను చూపే మామూలు హెచ్ అండ్ ఈ, ఇనుమును నీలంగా చూపే పెర్ల్స్ స్టెయిన్లతోనే తేల్చుకోవాలి. ఈ కేసుకు అవి సరిపోయాయి.

భుజం మచ్చల్లో పెర్ల్స్ స్టెయిన్ వేస్తే మాక్రోఫేజ్‌ల లోపల నీలి రేణువులు స్పష్టంగా కనిపించాయి. హీమోసిడెరిన్ ఉంది. అది కనపడాలంటే మామూలుగా రెండు మూడు రోజులైనా కావాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఫార్మలిన్ వల్ల కూడా గోధుమ రంగు రేణువులు వస్తాయి, కానీ అవి పెర్ల్స్‌లో నీలం కావు. కనుక గోధుమ రంగు కనిపించగానే హీమోసిడెరిన్ అని రాసేయకూడదు. రెండోది, హీమోసిడెరిన్ ఒకసారి చేరితే వారాల పాటు ఉండిపోతుంది. కనీస వయసు చెబుతుంది గానీ గరిష్ఠ వయసు చెప్పదు. పక్కనే ఉన్న మంచి చర్మంలో నీలి రేణువులు లేవు కాబట్టి ఇది పాత పర్‌ప్యూరా మిగుల్చుకున్న ఇనుము కాదని తేలింది. మంచి చర్మం కలిపి తీయమనేది ఇందుకే.

మణికట్టు పట్టీలో పక్కు ఉన్న ముక్కలో కింద కొత్త చర్మపు పొర పూర్తిగా కమ్ముకుంది. నల్లబడిన ముక్కలో పై పొర మందంగా పెరిగి, లోపల కొల్లాజెన్ ముదిరి ఉంది. చర్మం ఇలా మారాలంటే ఒక్కసారి ఒరుసుకుంటే సరిపోదు. డ్యూరా వైపు పొర మందం డ్యూరా మందంలో సుమారు సగం ఉంది. పక్కటెముకల ముక్కల్లో మృదులాస్థితో పాటు కొత్త ఎముక అల్లుకుంటోంది.

అభిప్రాయం

గాయాలను మూడు గుంపులుగా రాశాను. నుదుటి గాయం, దాని నుంచి దిగిన కంటి కమురు, డ్యూరా కింద తాజా రక్తం: చావుకు కొన్ని గంటల ముందువి. భుజాల మీద వేళ్ల పట్టు జాడలు, మణికట్టు మీద పక్కులు: రోజుల కిందటివి. అందులో పక్కులు సుమారు 4 నుంచి 10 రోజులవి, భుజం మచ్చలు కనీసం 2 రోజులకు పైబడినవి. డ్యూరా కింద పాత రక్తం, పక్కటెముకలు: సుమారు 2 నుంచి 5 వారాలవి. మణికట్టు మీద నల్లబడిన చర్మానికి విడిగా వయసు వేయలేదు. పదేపదే జరిగిన రాపిడి అని రాశాను.

అప్పుడే పోలీసులకు ఇంట్లో ఒక ఫైలు దొరికింది. చావుకు 24 రోజుల ముందు బాత్రూంలో పడితే ఇంటి దగ్గరి నర్సింగ్ హోంకు తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీశారు, తలకు సీటీ రాశారు. సీటీ తీయించలేదు. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపే ఐఎన్ఆర్ ఆ రోజు 4.1 ఉంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు ఉండాల్సింది 2 నుంచి 3 మధ్య. మూడో గుంపుకు తేదీ దొరికింది, నేను ముందే రాసిన పరిధిలోనే పడింది.

ఆ చీటీలో ఒక లోటు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. "హిస్టరీ ఆఫ్ ఫాల్, పెయిన్ రైట్ చెస్ట్" అని మాత్రమే ఉంది. చేతుల గురించి ఒక్క ముక్క లేదు. ఆ రోజు మణికట్లు బాగానే ఉన్నాయని రాసి ఉంటే ఆ రాపిడి ఎప్పుడు మొదలైందో తెలిసేది. బాగా లేవని రాసి ఉంటే ఆ రోజే ఎవరో ఒకరు అడిగేవారు. క్యాజువాలిటీ డాక్టర్లను బతిమాలి చెబుతున్నాను: గాయం వయసు చెప్పలేకపోయినా ఫరవాలేదు, రంగు, పక్కు, వాపు, కొలత రాయండి. "ఫ్రెష్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే తర్వాత చదివేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. అరెస్టయిన వ్యక్తిని పరీక్షించినప్పుడు గాయాలు సుమారు ఏ సమయంలో తగిలాయో రాయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 53 సెక్షన్ నేరుగా చెబుతోంది. అక్కడ ఆ ఒక్క మాట మీద ఒక మనిషి దెబ్బలు స్టేషన్‌కు రాకముందువా, వచ్చాకవా అన్నది ఆధారపడుతుంది.

మణికట్ల సంగతి కేర్‌టేకర్ చెప్పింది. బాత్రూంలో పడ్డ తర్వాత మళ్లీ పడకుండా రాత్రిళ్లు రెండు చేతులూ చున్నీతో మంచానికి కట్టేవాళ్లు. ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ గుంజుకునేది. ఆ రాత్రి ఒక చెయ్యి ముడి ఊడింది.

భుజం మీద వేళ్ల జాడలకు రెండు వివరణలూ సాధ్యమేనని రిపోర్టులో రాశాను. కోపంతో గట్టిగా పట్టుకున్నా వస్తాయి, పడిపోతున్న మనిషిని లేపి కూర్చోబెట్టినా వస్తాయి. వార్ఫరిన్ మీద ఉన్న 78 ఏళ్ల ఒంటికి పెద్ద బలం అక్కర్లేదు. వాటి వయసు మాత్రం ఆ రాత్రిది కాదు.

కూతురు రిపోర్టు గురించి అడగడానికి వచ్చింది. "కొట్టలేదంటరా మేడం?"

"కొట్టినట్టు చూపే గాయం నాకు కనపడలేదమ్మా. కట్టేసినట్టు చూపే గాయాలు ఉన్నాయి. అవి రాశాను."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పక్కటెముకలు విరిగినప్పుడు నొప్పి ఎంత ఉంటదని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూడు పక్కటెముకలు విరిగిన మనిషి చేతులు కట్టి వెల్లకిలా పడుకోబెడితే ప్రతి ఊపిరికీ నొప్పే. ఇది రాస్తుంటే కూడా నాకు కోపం వస్తుంది. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లను కట్టేస్తే పడడం తగ్గదు, గుంజుకుని పడినప్పుడు దెబ్బలు ఇంకా పెద్దవవుతాయి. వృద్ధుల వైద్యంలో ఇది అందరూ ఒప్పుకున్న విషయం. మంచం ఎత్తు తగ్గించి, కింద పరుపు వేసి, ఐఎన్ఆర్ చూపించి వార్ఫరిన్ మోతాదు సరిచేయించి, రాసిన సీటీ తీయించి ఉంటే ఆవిడ ఈ టేబుల్ మీదికి వచ్చేది కాదేమో.

కోర్టులో

నాంపల్లిలో సాక్ష్యం. హత్య అన్న మాట అప్పటికే పోయి, నిర్బంధం, నిర్లక్ష్యం మీద విచారణ నడుస్తోంది. డిఫెన్స్ లాయర్ మొదట రంగుల పట్టిక తీశారు. భుజం మీద ఆకుపచ్చ ఉందని మీరే రాశారు, పుస్తకం ప్రకారం అది ఐదారు రోజులది, మరి ఆ మాట ఎందుకు రాయలేదు? ఆ వారంలో కొడుకు ఊళ్లో లేడని వాళ్ల వాదన. ఐదారు రోజులని రాసి ఉంటే కొడుకు బయటపడేవాడు. ఇంకో చాయ చూసి ఎనిమిది రోజులని రాసి ఉంటే ఇరుక్కునేవాడు. రెండూ రంగు మోయలేని బరువులే. ఆకుపచ్చ ఒక రోజును చూపించదనీ, పసుపు చాయ, హీమోసిడెరిన్ కలిపి రెండు రోజులకు పైబడిందని మాత్రమే చెప్పగలననీ, దానికి పై హద్దు పెట్టలేననీ చెప్పాను.

రెండో ప్రశ్న బలమైనది. పాత రక్తం చుట్టూ ఏర్పడిన పొరలో కొత్త రక్తనాళాలు ఉంటాయి, అవి చాలా బలహీనమైనవి, దెబ్బ లేకుండానే తమంతట తామే చిట్లుతాయి కదా? అవునన్నాను. అలాంటప్పుడు ఆవిడ పడింది కాబట్టి తలలో మళ్లీ రక్తం కారిందా, తలలో మళ్లీ రక్తం కారింది కాబట్టి పడిందా?

నుదుటి గాయం ప్రాణం ఉన్నప్పుడు తగిలింది, అప్పటి నుంచి ఆవిడ కొన్ని గంటలు బతికింది, తాజా రక్తం కూడా ఆ గంటల్లోదే. ఆ గంటల లోపల ఏది ముందు, ఏది వెనక అన్నది న్యూట్రోఫిల్స్ చెప్పవు, పొర చెప్పదు. మూడు గుంపుల మధ్య ఎడం గురించి ప్రమాణం చేసి చెప్పగలను, ఒక గుంపు లోపలి వరుస చెప్పలేను అన్నాను. జడ్జిగారు ఆ వాక్యాన్ని అలాగే రాయించుకుని, మణికట్టు ఫొటోలు చూపించమన్నారు.